నా బొటనవేలి సాక్ష్యం

మాట్లాడొద్దన్నారు కాబట్టి రాస్తున్నాను. గొంతు పూర్తిగా కుదుటపడే దాకా గట్టిగా అరవకూడదని డాక్టరు కట్టడి చేశారు. ఆ కట్టడిని నా భార్య ధనలక్ష్మి డాక్టరు కంటే గట్టిగా అమలు చేస్తోంది. నేను నోరు తెరిస్తే చాలు, పెన్నూ నోటుబుక్కూ తెచ్చి ముందు పెడుతోంది. సరే, పెన్నుతోనే అరుస్తాను!

నా పేరు అంకారావు. వయసు నలభై ఆరు. గుంటూరుకు ముప్పై కిలోమీటర్ల దూరంలో మాకు నాలుగెకరాల మిర్చి, రెండెకరాల పత్తి ఉన్నాయి. కానీ చుట్టుపక్కల ఊళ్ళలో నన్ను రైతుగా కంటే మైకు అంకారావుగానే ఎక్కువమంది ఎరుగుదురు. ఒంగోలు గిత్తలు బండ లాగే పోటీలు ఎక్కడ జరిగినా కామెంట్రీ నాదే. గిత్తలు ఒక అడుగు వేసేలోపు నేను పది మాటలు అంటాను. అలాంటివాణ్ణి, చేతివేలంత లావు లేని ఒక కట్లపాము తొమ్మిది రోజులు నోరు మూయించింది.

బతికాను. చదివేవాళ్ళు కంగారు పడకుండా ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. విషానికి విరుగుడు మందు ఎక్కించారు, అందుకే బతికాడని ఊళ్ళో అందరూ అంటున్నారు. అది సగం నిజం. మిగతా సగం ఇద్దరు నర్సుల చేతుల్లో ఉంది. గొంతులో గొట్టంతో పడి ఉన్న మనిషి ఊపిరితిత్తుల్లోకి వాడి నోటి ఉమ్మే దిగి వాణ్ణి చంపకుండా ఎలా కాపలా కాయాలో వాళ్ళకు తెలుసు. ఆ సగం ఊళ్ళో ఎవరికీ తెలియదు. నాకు మాత్రం బాగా తెలుసు, ఎందుకంటే ఆ తొమ్మిది రోజులూ నేను అన్నీ వింటూనే ఉన్నాను.

ఆదివారం

ఫిబ్రవరి నెల. కళ్ళంలో మిరపకాయ ఆరబోసి ఉంది. రాత్రి మంచు పడుతుందని కాయ మీద పట్టా కప్పుతాం. తెల్లారగానే ఆ పట్టా తీసి మడతపెట్టడం నా పని. ఆ రోజు అంచు పట్టుకుని లాగుతుంటే ఎడమ చిటికెన వేలికి చీమ కుట్టినట్టయింది. మడతలోంచి నల్లటి ఒంటి మీద తెల్ల కట్లు వేసుకుని అది తాపీగా జారిపోయింది. నొప్పి లేదు, వాపు లేదు, రక్తం కూడా లేదు. కట్లపాము చేసే మోసమే అది.

పక్క కళ్ళం రైతు వచ్చి వేలు చూశాడు. "ఏం కాలేదులే అంకారావ్. పసరు ఇచ్చేవాడున్నాడు, పోదాం పద" అన్నాడు.

ధనలక్ష్మి అప్పటికే నా చెయ్యి పట్టుకుని లాగుతోంది. "పసరూ లేదు, గిసరూ లేదు. నువ్వు కారు తియ్యన్నా, గుంటూరు పోవాల" అంది. ఆమె ఆ మాట అనకపోయి ఉంటే ఈ పుస్తకంలో మొదటి అక్షరం కూడా ఉండేది కాదు.

సగం దారిలో కనురెప్పలు వాలడం మొదలైంది. "నిద్రపోవద్దయ్యా! కళ్ళు తెరువు!" అని ఆమె నా చెంప మీద కొడుతోంది. తెరవడానికి నాకేమీ అభ్యంతరం లేదు, రెప్పలే నా మాట వినడం లేదు. తర్వాత నాలుక వినలేదు. గుంటూరులో ఆసుపత్రి మెట్లు ఎక్కించేసరికి ఛాతీ కూడా వినడం మానేసింది. గొంతులోకి ఏదో దిగింది. ఆ తర్వాత నా పక్కన ఒక మిషను బుస్సుమంటూ నా బదులు ఊపిరి తీయసాగింది. ఐసీయూలో ఒక్క మంచం కూడా ఖాళీ లేదని ఎవరో అన్నారు. అందుకని నన్ను కిందనే, క్యాజువాలిటీలో ఒక మూల మంచం మీద ఉంచారు.

సోమవారం

కళ్ళు తెరుచుకోవు. వేలు కదలదు. కానీ చెవులు పనిచేస్తున్నాయి, బుర్ర పనిచేస్తోంది. ఈ సంగతి బయట ఎవరికీ తెలియదు. నా మంచం దగ్గర నిలబడి ఒకాయన, "ఈయన పనైపోయినట్టేనా?" అని ఇంకొకరిని అడిగాడు. ఆ మాట విన్నాక నాకు కలిగిన భయం రాయడానికి ఈ పెన్ను చాలదు. బతికుండగానే పాడె మీద పడుకున్నట్టు అనిపించింది.

అప్పుడు ఒక ఆడగొంతు నా చెవి దగ్గరకు వచ్చింది. "అంకారావుగారూ, నా పేరు మెహరున్నీసా. ఇక్కడ నర్సుని. మీకు అంతా వినపడుతోందని నాకు తెలుసు. ఈ పాము మనిషిని కదలనియ్యదు గానీ, చెవులు ముయ్యదు. విషం దిగేదాకా మిషను ఊపిరి పోస్తది. నేను ఏం చేసినా ముందు మీకు చెప్పే చేస్తా. భయపడమాకండి" అంది.

ఏడవడానికి కూడా కండరాలు కావాలి. అవి లేక ఏడవలేదు, అంతే. ఆ క్షణం నుంచి మెహర్ సిస్టర్ అడుగుల చప్పుడు కోసం చెవులు రిక్కించి పడి ఉండేవాణ్ణి.

సాయంత్రం నాలుగింటికి చూడ్డానికి ఇంటివాళ్ళలో ఒకరిని లోపలికి పంపుతారు. ధనలక్ష్మి వచ్చింది. నా మంచం తల వైపు బాగా ఎత్తి ఉంది, నేను సగం కూర్చున్నట్టుగా ఉన్నాను. "మెడ ఎట్టా వాలిపోయిందో చూడు! నడుం ఏం గాను?" అంటూ కాళ్ళ దగ్గరున్న పిడి గిరగిరా తిప్పి మంచం చదును చేసింది. నిజం చెప్పొద్దూ, నడుముకు హాయిగానే ఉంది.

మెహర్ సిస్టర్ పరుగున వచ్చింది. "ఎవరమ్మా మంచం దించింది?"

"నేనే. ఒళ్ళు తెలియని మనిషిని కూర్చోబెడతారా ఎక్కడన్నా? జాలి లేదా మీకు?" ధనలక్ష్మి గొంతు కూడా మా ఇంటి గొంతే.

సిస్టర్ పిడి తిప్పి మంచం మళ్ళీ ఎత్తుతూనే జవాబు చెప్పింది. "జాలి ఉండబట్టే కూర్చోబెట్టా. మనం రోజంతా ఉమ్ము మింగుతానే ఉంటాం, మనకే తెలియదు. ఈయన మింగలేడు. వెల్లకిలా పడుకోబెడితే ఆ ఉమ్ము, నోట్లో ఉన్న క్రిములు, ముక్కుగొట్టంతో పొట్టలో పోసే పాలు పైకొచ్చి, అన్నీ గొంతులో నిలిచి ఊపిరితిత్తుల్లోకి జారతాయి. న్యుమోనియా వస్తది. పాము వదిలినా అది వదలదు."

"గొట్టం బిగుతుగా ఉండదా మరి?"

"గొట్టం చుట్టూ చిన్న గాలిబుడగ ఉంటది. గాలి తగ్గితే ఉమ్ము జారుద్ది, ఎక్కువైతే గొంతు ఒరుసుకుపోద్ది. అందుకే కొలుస్తా ఉంటాం. ఎంత కొలిచినా బుడగ ముడతల్లోంచి కాస్త దిగుతానే ఉంటదమ్మా."

ధనలక్ష్మి మెల్లగా అడిగింది. "కాయ మీద పట్టా ఎంత బాగా కప్పినా, అంచుల్లోంచి మంచు దిగినట్టా?"

"అదేనమ్మా! అచ్చం అట్టాగే."

మంచం తల ఎంత ఎత్తులో ఉండాలో గుర్తుగా సిస్టర్ గోడకి తెల్ల ప్లాస్టర్ ముక్క అంటించిందట. తర్వాత చూశాను, నిజంగానే ఉంది. ఆ రోజు నుంచి ధనలక్ష్మి లోపలికి రాగానే ముందు నా మొహం కాదు, ఆ ప్లాస్టర్ ముక్క చూసేది.

మంగళ, బుధవారాలు

ఈ రెండు రోజుల గురించి చెప్పాలంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. ప్రసూతి వార్డు నుంచి సునీత అనే సిస్టర్‌ను కొత్తగా క్యాజువాలిటీకి మార్చారు. ఆమెకు కాన్పులు తెలుసు గానీ వెంటిలేటర్ తెలియదు. మెహర్ సిస్టర్ ఆమెకు నా మంచం దగ్గరే పాఠం చెప్పింది. అడ్డు ప్రశ్నలు వేయలేని శ్రద్ధగల విద్యార్థి ఇంకొకడు ఆ మంచం మీదే ఉన్నాడని ఆమెకు తెలుసు. అందుకే కాస్త గట్టిగానే చెప్పేది.

చప్పుళ్ళూ మాటలూ విని నేను లోపల కామెంట్రీ మొదలుపెట్టాను! ఇదిగో సునీత సిస్టర్ వచ్చేశారు! మంచం ముట్టుకోక ముందే కుళాయి తిప్పారు, చేతులు కడుగుతున్నారు, గోళ్ళ సందులు కూడా వదల్లేదు! నోరు శుభ్రం చేయడం మొదలైంది! పై పళ్ళు అయ్యాయి, కింది పళ్ళు, చిగుళ్ళు, నాలుక! గొంతులో చేరిన ఉమ్మును సన్నగొట్టంతో లాగేశారు! మిషను పైపులో నీళ్ళు చేరాయి, ఎటు వంచుతారు, ఎటు వంచుతారు? నా వైపు వంచితే ఆ మురికినీళ్ళు నా ఛాతీలోకే! అవతలికి వంచారు! శభాష్! రెండు గంటలకొకసారి ఈ పోటీ జరిగేది. చూసేవాళ్ళు ఎవరూ లేరు గానీ, ఇంత ఉత్కంఠ నేను ఏ తిరునాళ్ళలోనూ అనుభవించలేదు.

మెహర్ సిస్టర్ రోజూ పొద్దున్నే డాక్టరుని ఒకే ప్రశ్న అడిగేది. "సార్, ఈ రోజు మిషను కాస్త తగ్గించి చూద్దామా?" గొట్టం లోపల ఉన్న ప్రతి రోజూ ప్రమాదమేనని, అడగకపోతే ఒక రోజు ఊరికే గడిచిపోతుందని సునీత సిస్టర్‌కి చెప్పింది.

"ఇవన్నీ ఎక్కడ నేర్చుకున్నావక్కా?" అని అడిగింది సునీత.

మెహర్ సిస్టర్ చెప్పింది. "రెండేళ్ళ కిందటి దాకా నాకూ సగం తెలియదు సునీతా. క్యాజువాలిటీ అంటే గొట్టం వేసి పైకి పంపడమే మన పని అనుకునేదాన్ని. మిగతాది ఐసీయూ వాళ్ళు చూసుకుంటారులే అని. మరి పైన మంచం లేక మన దగ్గరే నాలుగు రోజులుంటే? పురుగుమందు తాగి ఒకాయన వచ్చాడు. పత్తి రైతు. విషం దిగింది, కళ్ళు తెరిచాడు, నన్ను చూసి నవ్వాడు కూడా. తర్వాత జ్వరం వచ్చింది. ఊపిరితిత్తులు చెడిపోయి పోయాడు. ఆయన్ని వెల్లకిలా పడుకోబెట్టింది నేనే. హాయిగా ఉంటదని."

మిషను బుస్సుమంటోంది.

"తర్వాత శిక్షణకి పంపి పరీక్ష పెట్టారు. సగం ప్రశ్నలకి తప్పులు రాశా. తప్పు రాసిన ప్రతి ప్రశ్న దగ్గరా ఆయన మొహమే కనపడింది" అంది మెహర్ సిస్టర్. తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకున్న మనిషి చేతిలో ఉన్నందుకు నాకు కొండంత ధైర్యం వచ్చింది.

గురువారం

పొద్దున్న ఒక అద్భుతం జరిగింది. కుడికాలి బొటనవేలు కదిలింది! దుప్పటి కింద, వెంట్రుకవాసి. మళ్ళీ ప్రయత్నిస్తే మళ్ళీ కదిలింది. ఇంత పెద్ద వార్త నా దగ్గరుంది, చెప్పడానికి మైకు లేదు. దుప్పటి ఎవరూ తీయలేదు. సరే, సాయంత్రం దాకా అదే సాధన చేస్తూ కూర్చున్నాను, అంటే పడుకున్నాను.

ఇక్కడ మా అక్క గురించి చెప్పాలి. పేరు కోటేశ్వరమ్మ, నాకంటే పన్నెండేళ్ళు పెద్దది. పెదకాకానిలో ఉంటుంది. నాకు నాలుగేళ్ళప్పుడు మా అమ్మ పోతే అక్కే నన్ను పెంచింది. నా బడి, నా పెళ్ళి, పొలంలో ఏ రకం విత్తనం వెయ్యాలి, మీసం ఎంత ఉంచుకోవాలి, అన్నీ ఆమె నిర్ణయాలే. చేసేశాక చెప్పడమే తప్ప ముందు అడగడం ఆమెకు అలవాటు లేదు. అమ్మ లేని పిల్లాణ్ణి అడుగుతూ కూర్చుంటే వాడు పెరగడని ఆమె వాదన.

ఆ సాయంత్రం నాలుగింటికి ధనలక్ష్మి బదులు అక్క లోపలికి వచ్చింది. పక్కనే సునీత సిస్టర్ ఉంది. ఇంతలో రోడ్డు ప్రమాదం కేసు వచ్చిందని కేకలు. సునీత అటు పరుగెత్తింది. అక్కా నేనూ మిగిలాం.

"ఒరేయ్ అంకా, మల్లేశ్వరస్వామికి నీ పేరున అభిషేకం చేయించా. తీర్థం తెచ్చారా" అని చెవిలో చెప్పింది. సీసా మూత తిప్పిన చప్పుడు వినపడింది.

అభిషేకం తీర్థమంటే పాలు, తేనె, నీళ్ళు. చావుబతుకుల్లో ఉన్నవాడి నోట్లో దేవుడి తీర్థం పోయకపోతే అయినవాళ్ళు ఎందుకు? మా వైపు ఎవరైనా అదే చేస్తారు. అక్క స్థానంలో నేనున్నా అదే చేసేవాణ్ణి. కానీ నేను రెండు రోజులుగా పాఠాలు విన్నవాణ్ణి. వద్దక్కా, వద్దక్కా అని లోపల ఎంత గట్టిగా అరిచానో! అక్క వేలితో నా పెదవి కిందికి లాగి గొట్టం పక్కనుంచి ఒక చెంచా పోసింది. తీర్థమంటే మూడుసార్లు పుచ్చుకోవాలి కదా. మూడూ పోసింది.

తియ్యగా ఉంది. చల్లగా నాలుక మీద పాకి గొంతు వెనక్కి వెళ్ళింది. మింగలేను, ఉమ్మలేను. ఎక్కడికి వెళుతోందో నాకు తెలుసు. బుడగ మీద నిలిచి ముడతల్లోంచి ఒక్కో చుక్కా ఎలా దిగుతుందో కూడా తెలుసు. "ఇంక భయం లేదురా" అని అక్క నా నుదురు నిమురుతోంది. ఆమె చెయ్యి వెచ్చగా ఉంది. ఆ రోజు పడ్డ భయం పాము కరిచినప్పుడు కూడా పడలేదు.

ఐదింటికి నోరు శుభ్రం చేయడానికి మెహర్ సిస్టర్ వచ్చింది. ఒక్కసారిగా ఆగిపోయింది. "సునీతా, నోట్లో పాలవాసన వస్తోంది. ముక్కుగొట్టంలో పాలు పోసేటప్పుడు మంచం ఎత్తులోనే ఉందా?"

"ఉందక్కా, ప్లాస్టర్ చూసుకునే పోశా."

డాక్టరు వచ్చారు. పొద్దుట్నుంచి తిండి లేకుండా తిరుగుతున్నారేమో, గొంతులో చిరాకు ఉంది. "పాలు పైకి తన్ని ఉంటాయి. మంచం దించి పోసుంటారు. ప్రసూతి వార్డు వాళ్ళని తెచ్చి వెంటిలేటర్ దగ్గర పెడితే ఇట్టాగే ఉంటది" అన్నారు. సునీత ముక్కు ఎగబీల్చింది. పులి మీద పుట్ర అంటే ఇదే. నా ఊపిరితిత్తుల మీద ప్రమాదం, దాని మీద ఏ పాపం తెలియని మనిషికి నింద.

మెహర్ సిస్టర్ ఊరుకోలేదు. "సార్, పొట్టలోంచి పైకి వస్తే ఒక వైద్యం, బయట్నుంచి పోస్తే ఒక వైద్యం. ముందు తెలుసుకుందాం" అని ఇంటివాళ్ళని పిలిచింది. ధనలక్ష్మి, అక్క వచ్చారు.

"ఆయన నోట్లో ఎవరన్నా ఏమన్నా పోశారామ్మా?"

"లేదు సిస్టర్" అంది ధనలక్ష్మి. ఆమెకు నిజంగా తెలియదు.

"మేమెందుకు పోస్తామమ్మా?" అంది అక్క. నోట్లో నువ్వుగింజ నానని మా అక్క అబద్ధం చెప్పడం నా జీవితంలో అదే మొదటిసారి విన్నాను. ఆమె నా కాళ్ళ దగ్గర నిలబడి, దుప్పటి కింద చేతులు పెట్టి నా పాదాలు నొక్కుతోంది.

మెహర్ సిస్టర్ నా చెవి దగ్గరకు వంగింది. "అంకారావుగారూ, మీకు తెలుసు. మీ నోట్లో ఎవరన్నా ఏమన్నా పోశారా? పోసుంటే ఏది కదిలిద్దో అది కదపండి. రెప్పో, వేలో, ఏదైనా సరే."

"పేషెంటుతో పంచాయితీ ఏంటి సిస్టర్?" అన్నారు డాక్టరు.

నా బుర్రలో ఏం జరిగిందో దాచకుండా రాస్తాను. ఒకవైపు నా ప్రాణం. ఇంకోవైపు, పరాయివాడి నోరు ఏ రోత లేకుండా కడుగుతున్న సునీత. మరోవైపు నన్ను చంకనేసుకుని పెంచిన అక్క. నలుగురిలో ఆమె మీద సాక్ష్యం చెప్పాలి. అక్క మీద ప్రేమ లేక కాదు, బతకాలని ఉండి చెప్పాను. ఉన్న బలమంతా కుడికాలి బొటనవేలిలో పెట్టాను. కొండంత బండని గిత్తలు కదిలించినట్టు కదిలించాను.

అది అక్క చేతిలోనే కదిలింది.

"కదిలింది!" అక్క కేక వార్డంతా మారుమోగింది. "నా తమ్ముడి వేలు కదిలింది! ఒసేయ్ ధనలక్ష్మీ, నీ మొగుడు బతికాడే! ఇదుగో మళ్ళీ కదిలింది!"

ధనలక్ష్మి భోరుమంది. ఎవరో చప్పట్లు కొట్టారు. ఆ సందడి తగ్గేదాకా ఆగి మెహర్ సిస్టర్ నెమ్మదిగా అంది. "కోటేశ్వరమ్మగారూ, నేను అడిగినదానికే కదిలింది."

అక్క చేతులు నా పాదాల మీద బిగుసుకున్నాయి. "మూడు చెంచాలమ్మా. అభిషేకం తీర్థం. దేవుడిదే గదా అని పోశా."

మెహర్ సిస్టర్ ఒక్క తిట్టు తిట్టలేదు. "చెప్పారు, మంచిపని చేశారు. ఇంకెప్పుడైనా నెత్తిన చల్లండి, నోట్లో మాత్రం వద్దు" అంటూనే గొట్టాలు అందుకుంది. నోట్లోంచి, గొంతులోంచి, లోపలి దాకా లాగారు. ఆ మంట చెప్పను. డాక్టరు సునీత వైపు తిరిగి, "సారీ సిస్టర్, తొందరపడ్డా" అన్నారు. ఆ మాట చెవులారా విన్నాను.

శుక్ర, శనివారాలు

భయపడినంతా అయింది. జ్వరం వచ్చింది. ఎక్స్‌రే ఫొటో తీస్తే కుడి ఊపిరితిత్తిలో కింద మచ్చ కనపడింది. విషం ఒకవైపు దిగుతోంది, వేళ్ళు ఒక్కొక్కటే నా మాట వింటున్నాయి, ఇంకోవైపు ఒళ్ళు పెనంలా కాలుతోంది. ఆ పత్తి రైతు కూడా ఇలాగే కళ్ళు తెరిచి నవ్వి పోయాడు కదా అని అదే ఆలోచన. నేను కళ్ళు తెరిచాను గానీ భయంతో నవ్వలేదు.

బయట ఇంకో యుద్ధం. ధనలక్ష్మి అక్కని అనకూడని మాట అనేసింది. "మీ తమ్ముణ్ణి మీరే చంపేదాక వచ్చారొదినా." అక్క మెట్ల కింద చాప వేసుకుని కూర్చుందట, అన్నం ముట్టడం లేదట, చూడ్డానికి లోపలికి రమ్మంటే రానందట. ఈ సంగతులు ధనలక్ష్మే నా పక్కన కూర్చుని చెప్పుకుని ఏడ్చింది. "నోరు జారాను, ఇప్పుడు ఏం చెయ్యను?" అని నన్ను అడిగింది. నేనేం చెబుతాను, నోట్లో గొట్టం పెట్టుకుని!

సునీత సిస్టర్ ఆ రెండు రోజులూ నన్ను వదల్లేదు. డ్యూటీ అయిపోయాక కూడా వచ్చి మంచం ఎత్తు చూసి, నోరు కడిగి, "మీరు నాకు సాక్షిగా నిలబడ్డారు. మిమ్మల్ని పోనిస్తానా?" అనేది. మందులు డాక్టరు మార్చారు. ఆదివారం పొద్దున్న నా నుదుటి మీద చెయ్యి వేసి ఆమే మొదట అరిచింది. "అక్కా, చెమట పట్టింది! జ్వరం దిగింది!"

మళ్ళీ సోమవారం

మెహర్ సిస్టర్ రోజూ అడిగే ప్రశ్నకి ఆ రోజు డాక్టరు సరేనన్నారు. మిషను తగ్గించారు. నా ఊపిరి నేనే తీయాలి. తీశాను! అరగంట తీశాను, గంట తీశాను. దగ్గమన్నారు, దగ్గాను. నేను చెప్పిన ఏ కామెంట్రీ కంటే ఆ దగ్గు గొప్పది. గొట్టం లాగేశారు. గొంతు గరగరా ఒక శబ్దం చేసింది, అది మాట కాదు. అయినా ధనలక్ష్మి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

దాహం. తొమ్మిది రోజుల దాహం. అయినా అప్పుడే నీళ్ళు ఇవ్వరట. మింగడం సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవాలి, లేకపోతే ఆ నీళ్ళే మళ్ళీ దారి తప్పుతాయి. మర్నాడు పొద్దున దాకా తడిగుడ్డతో పెదవులు అద్దారు.

ఈ మధ్యలోనే చదివేవాళ్ళకి ఒక్క మాట. మీవాళ్ళు ఎవరైనా గొట్టంతో పడుకుని ఉంటే, సిగ్గుపడకుండా నర్సుని అడగండి: మంచం తల ఎత్తులో ఉందా, నోరు ఎప్పుడు కడుగుతారు, గొట్టం ఎప్పుడు తీస్తారు అని. విసుక్కుంటే విసుక్కోనివ్వండి. వాళ్ళు చెప్పకుండా నోట్లో చుక్క కూడా పోయకండి, అది ఏ గుడి నుంచి వచ్చినా సరే. ఒకవేళ పోసి ఉంటే దాచకండి. దాచడమే అన్నిటికంటే పెద్ద ప్రమాదం. ఇంకొకటి, మంచం మీద మనిషి వింటున్నాడు. మంచిమాటలు మాట్లాడండి.

మంగళవారం

నన్ను నిటారుగా కూర్చోబెట్టారు. సునీత సిస్టర్ నా గొంతు మీద వేళ్ళు పెట్టి ఉమ్ము మింగమంది, మింగాను. మళ్ళీ మింగమంది, మింగాను. "ఇంక నీళ్ళు పట్టొచ్చు" అంది.

మెహర్ సిస్టర్ స్టీలు గ్లాసులో నీళ్ళు తెచ్చి ధనలక్ష్మికి ఇవ్వబోయింది. ధనలక్ష్మి అందుకోలేదు. గబగబా బయటికి వెళ్ళి, అక్కని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. "మీరే పట్టండొదినా" అంది.

ఐదు రోజుల్లో అక్క సగమైపోయింది. నా వంక చూడలేదు. "నా చేత్తో వొద్దమ్మా. ఈ చెయ్యి మంచిది కాదు" అంది.

"ఆయన వేలు కదిలిందని ముందు చెప్పిన చెయ్యే గదమ్మా అది" అంది మెహర్ సిస్టర్.

అక్క కుళాయి దగ్గరకు వెళ్ళింది. మోచేతుల దాకా కడుక్కుంది. చెంచా నింపింది. నా పెదవుల దాకా తెచ్చి ఆగింది. అప్పుడు నా కళ్ళలోకి చూసింది.

"పొయ్యమంటావా అంకా?" అంది.

నలభై రెండేళ్ళుగా నన్ను పెంచుతున్న మా అక్క, నన్ను అడిగి చేసిన మొదటి పని అది.

"పొయ్యక్కా" అన్నాను.